మొదటి రీలు సరే, రెండో రీలు ఎవరు అమ్ముతారు? ఫిల్ము కంపెనీల మార్కెటింగ్‌పై చర్చ

వెండిరేణువు (హైదరాబాద్):

నా బీరువాలో ఒక బిస్కెట్ల డబ్బా ఉంది. అందులో ఉన్నవన్నీ ఇతరుల నెగెటివ్‌లు. గత ఆరేళ్లలో నా ఫిల్ము కెమెరా చూసి ముచ్చటపడి, తామూ ఒక రీలు తీసి చూస్తామన్న స్నేహితులకు, బంధువులకు కెమెరాలు అరువిచ్చాను. పదకొండు మంది మొదటి రీలు పూర్తి చేశారు. రెండో రీలు కొన్నవారు ఇద్దరే. మిగిలిన తొమ్మిదిమందికి ఫొటోలు నచ్చలేదని కాదు. స్కాన్లు ఫోనుకు రాగానే సంతోషించారు, ఇంట్లో అందరికీ పంపుకున్నారు, కానీ నెగెటివ్‌లు తీసుకువెళ్లడానికి ఎవరూ రాలేదు. ఆ డబ్బా తెరిచినప్పుడల్లా ఫిల్ము కంపెనీలు ప్రచారమంతా మొదటి రీలు చుట్టూనే చేస్తున్నాయని, రెండో రీలు దగ్గరికి వచ్చేసరికి కొన్న మనిషిని ఒంటరిగా వదిలేస్తున్నాయని నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు వస్తున్న ప్రకటనలు గమనించండి. పాత జ్ఞాపకాలు, వెచ్చని రంగులు, తొందర లేని జీవితం, మెడలో కెమెరా వేసుకున్న యువత. ఇవన్నీ ఒకసారి ప్రయత్నించాలన్న కోరిక పుట్టిస్తాయి. రీలు ఎక్కడ కడిగించాలి, సరిగ్గా రాకపోతే తప్పు ఎక్కడ జరిగింది, నెగెటివ్‌ను ఏం చేసుకోవాలి అన్న ప్రశ్నలకు వాటిలో సమాధానం ఉండదు.

ఈ వ్యాపారాన్ని మొదలుపెట్టినవారికి ఈ విషయం బాగా తెలుసు. జార్జ్ ఈస్ట్‌మన్ 1888లో కొడాక్ కెమెరాను 25 డాలర్లకు అమ్మినప్పుడు అందులో వంద ఫొటోలకు సరిపడే ఫిల్మును నింపి ఇచ్చారు. అది అయిపోయాక కొన్నవారు కెమెరాను ఉన్నపళంగా అమెరికాలో ఆ కంపెనీ ఉన్న రోచెస్టర్‌కు పంపితే, 10 డాలర్లకు ఆ ఫొటోలు కడిగి, ప్రింట్లు వేసి, కొత్త ఫిల్ము నింపి తిరిగి పంపేవారు. ‘మీరు మీట నొక్కండి, మిగతాది మేము చూసుకుంటాం’ అన్న వారి నినాదం అందరికీ గుర్తుంది. నన్ను ఆకట్టుకున్నది మాత్రం వేరొకటి: మొదటి ఫిల్ము ప్రింట్లు ఇంటికి చేరేసరికి రెండో ఫిల్ము కెమెరాలోనే ఉండేది.

ఈ రోజున ఒక ఫిల్ము కంపెనీ మార్కెటింగ్ బాధ్యత మీ చేతికి వస్తే ఏం చేస్తారో రాయండి. మొత్తంగా డిజిటల్ మంచిదా, ఫిల్ము మంచిదా అన్న వాదన ఈ చర్చలో వద్దని మనవి.

లెక్కల_మాస్టారు (బెంగళూరు):

ప్రశ్న బాగుంది, కానీ దాని వెనుక ఉన్న కర్మాగారాన్ని చూడకుండా సమాధానం చెప్పలేం. ప్రపంచంలో కలర్ ఫిల్ము అమ్మకాలు 2000 ప్రాంతంలో శిఖరానికి చేరి, ఆ తరువాతి పదేళ్లలో పదో వంతు కన్నా దిగువకు పడిపోయాయి. ఫిల్ము పూత పూసే యంత్రాలు ఆ శిఖరానికి తగినట్టు కట్టినవి. ఒకసారి మొదలుపెడితే మీటరుకు పైగా వెడల్పున్న పట్టీ మీద ఎన్నో పొరలను ఒకేసారి, చీకటిలో, కిలోమీటర్ల పొడవునా పూయవలసిందే. నాలుగు వందల రీళ్లు చాలు, ఈ వారానికి ఆపేద్దాం అనడానికి వీలుండదు. పూసినది గడువు తీరేలోగా అమ్ముడుపోవాలి. అందువల్ల ఫిల్ము కంపెనీకి అకస్మాత్తుగా వచ్చిపడే గుంపు కన్నా, ఏడాదికి పది రీళ్లు తప్పకుండా కొనే మనిషి ఎక్కువ విలువైనవాడు.

అమ్మకాలు పెరిగినా చిక్కే. రోచెస్టర్‌లోని ఈస్ట్‌మన్ కొడాక్ కర్మాగారం పెరిగిన గిరాకీని అందుకోవడానికి యంత్రాలను ఆధునీకరించాలని 2024 నవంబరులో ఫిల్ము ఉత్పత్తిని కొన్ని వారాలు నిలిపివేసింది. గిరాకీ లేక మూసే స్థితి నుంచి గిరాకీ కోసం మూసే స్థితికి రావడం సంతోషించవలసిన విషయమే. కానీ అటువంటి కర్మాగారానికి మరింత పెద్ద ప్రచారం ఇప్పుడు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది ఆలోచించాలి. ఆ విధంగా చూస్తే వెండిరేణువు గారి రెండో రీలు వాదన భావుకత కాదు, లెక్క ప్రకారం కూడా సరైనదే.

గుంటూరు_స్టూడియో:

నేను 1983 నుంచి 2008 దాకా గుంటూరులో స్టూడియో నడిపాను. మార్కెటింగ్ అనే మాట అప్పట్లో మేము వాడలేదు గానీ, మా ప్రాంతంలో ఫిల్ము అమ్మినవారం మేమే.

కంపెనీలు టీవీలో, పత్రికల్లో ప్రకటనలు వేసేవి. హాట్ షాట్ కెమెరాకు దూరదర్శన్‌లో వచ్చిన ‘ఖటక్’ అన్న ఒక్క శబ్దం ఊరూరా పిల్లల నోళ్లలో నానింది. అంతకన్నా తేలికగా ఫొటో తీయవచ్చని చెప్పిన ప్రకటనను నేను ఇప్పటికీ చూడలేదు. దానికి ముందు మన దేశంలోనే తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా ఉండేది, 120 అనే వెడల్పాటి రకం రీలు వేస్తే పన్నెండు చదరపు ఫొటోలు వచ్చేవి. తరువాత కొడాక్ కేబీ టెన్ వచ్చి, మధ్యతరగతి ఇళ్లలో పుట్టినరోజులకూ తిరుపతి ప్రయాణాలకూ తోడైంది. ఇవన్నీ అమ్ముడుపోయిన మాట నిజమే. కానీ కొన్న మనిషి ఆ కెమెరా పట్టుకుని నేరుగా మా కొట్టుకే వచ్చేవాడు. రీలు మేమే ఎక్కించేవాళ్లం, వెనక మూత మూసి, మీట లాగి, రీలు తిరుగుతున్నదీ లేనిదీ చూసి ఇచ్చేవాళ్లం. సంక్రాంతికి ఎక్కించిన రీలు కొందరు దసరాకు తెచ్చేవారు. ఒకే రీలులో ముందు ముగ్గులు, చివర జమ్మిచెట్టు కనిపించేవి. ప్రింట్లు బల్ల మీద పరిచి, ‘అమ్మా, ఇక్కడ సూర్యుడికి ఎదురుగా తీశారు, ఈసారి వెనక పెట్టుకోండి’ అని చెప్పి, కొత్త రీలు ఎక్కించి పంపేవాళ్లం. రెండో రీలు అమ్మకం ఆ బల్ల దగ్గరే జరిగేది.

కంపెనీలు మాకు బోర్డులిచ్చాయి, కలర్ ల్యాబ్ మనుషులకు శిక్షణ ఇచ్చాయి, కొత్త కాగితం వస్తే మనిషిని పంపి చూపించాయి. డిజిటల్ వచ్చాక మేము కంప్యూటర్లో కూర్చి ముద్రించే కరిజ్మా పెళ్లి ఆల్బముల వైపు మళ్లాం, ఆ బల్ల పోయింది. ఇప్పుడు కంపెనీకీ కొన్నవారికీ మధ్య ఎవరూ లేరు. ప్రకటనలు ఎన్ని వేసినా ఆ ఖాళీ పూడదు.

కొత్త_నెగెటివ్ (తెనాలి):

గుంటూరు స్టూడియో గారూ, మీరు రాసింది చదువుతుంటే నాకు దుఃఖం వచ్చింది. నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా అమ్మమ్మ గారి ఇల్లు కూల్చివేసే ముందు ఆ ఇంటిని, ఆ ఇంట్లో అమ్మమ్మను ఫిల్ము మీద దాచుకోవాలనుకున్నాను. మామయ్య పాత కెమెరా తీసుకుని, ఆన్‌లైన్‌లో రీలు తెప్పించి, రెండు రోజులు శ్రద్ధగా 36 ఫొటోలు తీశాను. వేరే నగరంలోని ఒక ల్యాబ్‌కు కొరియర్‌లో పంపితే, పది రోజుల తరువాత ‘రీలు ఖాళీ’ అని రెండు మాటల సందేశం వచ్చింది. ఎందుకు ఖాళీ అని అడిగితే జవాబు రాలేదు. రీలు కొస అవతలి ఇరుసు పళ్లకు తగులుకోలేదని, అందుకే ఒక్క ఫొటో కూడా పడలేదని, మీట లాగినప్పుడు ఎడమవైపు గుండ్రటి మీట తిరుగుతున్నదా అని చూసి ఉంటే తెలిసేదని నాకు మూడు నెలల తరువాత ఒక వీడియోలో తెలిసింది. అప్పటికి ఇల్లు లేదు.

రీలు, కడిగించడం, స్కాన్, కొరియర్ కలిపి నాకు వెయ్యి రూపాయలు దాటింది. డబ్బు పోయిందని కాదు నా బాధ. రీలు పెట్టె లోపలివైపు ఒక చిన్న బొమ్మ వేసి, ఆ ఎడమవైపు మీట తిరగాలి అని ఒక వాక్యం రాసి ఉంటే సరిపోయేది. ఆ అట్ట ముక్క ఎలాగూ ముద్రిస్తున్నారు కదా.

ఎర్రదీపం (విశాఖపట్నం):

కొత్త నెగెటివ్ గారూ, మీ నష్టం పూడ్చలేనిది. నేను విశాఖలో చిన్న డార్క్ రూమ్ నడుపుతూ ఏడాదికి నాలుగైదు తరగతులు చెబుతాను. వచ్చేవారిలో ప్రతిసారీ కనీసం ఒకరు ఇదే కథతో వస్తారు. కాబట్టి ఇది మీ అజాగ్రత్త అనుకోకండి.

ఫిల్ము పెట్టె గురించి మీరన్నది నేను చాలాకాలంగా అంటున్నదే. ఒకప్పుడు ఫిల్ముతోపాటు వచ్చే కాగితం మీద సూర్యుడు, మబ్బు, నీడ బొమ్మలు వేసి, ఏ వెలుతురుకు ఎంత ఎక్స్‌పోజర్ ఇవ్వాలో, అంటే ఫిల్ము మీద ఎంత వెలుతురు పడనివ్వాలో, పట్టిక ఉండేది. ఎండకాసిన రోజున లెన్సు రంధ్రాన్ని ఎఫ్ 16 అనే చిన్న కొలతకు పెట్టి, ఫిల్ము వేగానికి దగ్గరి షటర్ వేగం పెట్టమన్న సూత్రాన్ని మన దేశంలో రెండు తరాలవారు ఆ కాగితాల మీదే నేర్చుకున్నారు. ఈ రోజున మొదటిసారి ఫిల్ము కొనే మనిషికి ఏ లైట్‌మీటరూ పనిచేయని యాభై ఏళ్ల కెమెరా దొరుకుతుంది. ఆ పట్టిక అవసరం అప్పటికన్నా ఇప్పుడే ఎక్కువ.

నేర్పడమే మార్కెటింగ్ అని అర్థం చేసుకున్న కంపెనీ నాకు తెలిసి ఇల్ఫర్డ్ ఒక్కటే. 1879లో ఆల్ఫ్రెడ్ హార్మన్ మొదలుపెట్టిన ఆ సంస్థ 2004లో దివాలా అంచుకు చేరింది. మరుసటి ఏడాది అక్కడి నిర్వాహకులే దాన్ని కొని హార్మన్ టెక్నాలజీగా నిలబెట్టారు. ఇంగ్లండులోని మోబర్లీలో ఇప్పటికీ ఫిల్ము, కాగితం చేస్తున్నారు. రెండు రీళ్లు కడగడానికి సరిపడే రసాయనాలను, అంటే బొమ్మను తేల్చే డెవలపర్, దాని పనిని ఆపే స్టాప్ బాత్, బొమ్మను నిలిపే ఫిక్సర్, నీటి మరకలు పడనివ్వని వెట్టింగ్ ఏజెంట్‌లను చిన్న పొట్లాలుగా కట్టి సింప్లిసిటీ పేరుతో అమ్ముతున్నారు. లీటర్ల కొద్దీ రసాయనం కలిపి సీసాల్లో నిల్వ చేయాలన్న భయమే ఇంట్లో రీలు కడగకుండా చాలామందిని ఆపుతుంది. ఆ పొట్లం ఆ భయాన్ని తీసేసింది. పైగా పొట్లంలో ఉన్నది రెండు రీళ్లకు సరిపడే మందు అని గమనించండి. ఒక రీలు కడిగినవారు మిగిలిన మందు పారబోయలేక రెండోది తీస్తారు.

చదరపు_ఫ్రేము:

అందరూ అసలు విషయం దాటవేస్తున్నారు. ధర తగ్గించండి. మిగతా మార్కెటింగ్ అంతా దాని తరువాతే. 36 ఫొటోలు ఒకేసారి కొనలేనివారికి పన్నెండు ఫొటోల రీలు ఎందుకు అమ్మరు? ఒకప్పుడు ఉండేవి కదా.

లెక్కల_మాస్టారు (బెంగళూరు):

చదరపు ఫ్రేము గారూ, ధర బాధ నిజమే, నేనూ భరిస్తున్నాను. కానీ పన్నెండు ఫొటోల రీలు ధర 36 ఫొటోల రీలులో మూడో వంతు కాదు. లోహపు డబ్బా, ఇరుసు, ప్లాస్టిక్ గొట్టం, అట్ట పెట్టె, రవాణా, పంపిణీదారుల వాటా రెండింటికీ దాదాపు ఒకటే. కడిగే ల్యాబ్ కూడా రీలుకే వసూలు చేస్తుంది గానీ ఫొటోకు కాదు. చివరికి కొన్నవారికి ఫొటో ఒక్కింటికి ఖర్చు పెరుగుతుంది.

అయితే మీ మాటలో నాకు మరొకటి కనిపించింది. రీలు త్వరగా అయిపోవడం నేర్చుకునేవారికి మేలు. ఎనిమిది నెలల తరువాత ఫొటో చూసుకుంటే, ఆ రోజు ఏ ఎక్స్‌పోజర్ ఇచ్చామో గుర్తుండదు, తప్పు నుంచి పాఠం రాదు. ఈ కోణంలో చూస్తే, మామూలు ఫ్రేములో సగం చోటులోనే ఒక ఫొటో తీసే హాఫ్ ఫ్రేమ్ కెమెరాల ఊపు నాకు సగమే నచ్చుతోంది. రికో సంస్థ 2024 జూన్‌లో పెంటాక్స్ 17ను విడుదల చేసింది. 17 మిల్లీమీటర్ల వెడల్పు ఫ్రేముతో ఒక రీలులో 72 ఫొటోలు వస్తాయి. దానికి ముందే 2022లో కొడాక్ పేరుతో ఎక్టార్ హెచ్ 35 అనే చవక హాఫ్ ఫ్రేమ్ కెమెరా వచ్చింది. ఫొటో ఒక్కింటికి ఖర్చు సగం చేసినందుకు వారిని మెచ్చుకోవాలి. కానీ నెలకు ఆరు ఫొటోలు తీసే మనిషికి 72 ఫొటోల రీలు ఏడాది పాటు నడుస్తుంది.

పెంటాక్స్‌కు మాత్రం ఒక విషయంలో నమస్కరించాలి. సరికొత్త ఫిల్ము కెమెరా, హామీ పత్రంతో, కొట్టులో దొరుకుతోంది. పాత కెమెరాల మరమ్మతుదారులు ఒక్కొక్కరే తగ్గిపోతున్న కాలంలో, కెమెరాలు లేకుండా ఫిల్ము కంపెనీలు ఎవరికి అమ్ముతాయి? కోఠి గుజరాతీ గల్లీలో షటర్ బాగుచేయగలవారిని వెతుక్కుంటూ తిరిగినవారికి ఈ మాట వివరించనక్కరలేదు.

రోచెస్టర్_తెలుగు (న్యూయార్క్ రాష్ట్రం):

నేను కొడాక్ ఉద్యోగిని కాను, ఆ ఊళ్లో పదిహేనేళ్లుగా ఉంటున్న తెలుగువాణ్ణి. ఇక్కడ ఒక విషయం దగ్గర నుంచి చూశాను కాబట్టి చెబుతున్నాను. ఈస్ట్‌మన్ కొడాక్ 2012 జనవరిలో దివాలా రక్షణ కోరింది. 2013లో దాన్నుంచి బయటపడినప్పుడు, బ్రిటన్‌లోని ఉద్యోగుల పింఛను నిధికి చెల్లించవలసిన బాకీ కింద, ఫొటో ఫిల్ము అమ్మకాల వ్యాపారం కొడాక్ అలారిస్ అనే కొత్త సంస్థ రూపంలో ఆ నిధి చేతికి వెళ్లింది. అంటే ఏళ్ల తరబడి ఫిల్మును తయారుచేసేవారు ఒకరు, దాన్ని బజారుకు తెచ్చేవారు మరొకరు. గుంటూరు స్టూడియో గారు చెప్పిన ల్యాబ్, శిక్షణ, కాగితం, ఫిల్ము అన్నీ ఒకే చేతిలో ఉన్న రోజులకూ ఈ పరిస్థితికీ ఎంత దూరమో చూడండి. రెండో రీలు ఎవరి బాధ్యత అన్న ప్రశ్నకు అక్కడ సంస్థల నిర్మాణంలోనే జవాబు చెదిరిపోయింది.

రెండో విషయం నమ్మకం. ఫిల్ము మీద శ్రమపడి చేయి కుదుర్చుకున్న మనిషి, ఆ ఫిల్ము వచ్చే ఏడాది ఉంటుందా అని భయపడుతూ ఉంటే స్థిరమైన కొనుగోలుదారు కాలేడు. కొడాక్ వారి కలర్ ఫిల్ము కొడాక్రోమ్ 1935లో వచ్చి 2009లో ఆగిపోయింది. దాన్ని కడిగే పద్ధతి ఇంట్లో సాధ్యం కానిది, ప్రపంచంలో మిగిలిన చివరి ల్యాబ్ కాన్సస్ రాష్ట్రంలోని పార్సన్స్ అనే చిన్న ఊళ్లో ఉండేది. 2010 డిసెంబరు 30తో అదీ తీసుకోవడం ఆపేసింది. ఆ తరువాత ఫ్రిజ్‌లో దాచుకున్న రీళ్లకు అసలు రంగులు రప్పించే దారి లేకపోయింది. 2012లో ఆపేసిన మరో కొడాక్ ఫిల్ము ఎక్టాక్రోమ్‌ను తిరిగి తెస్తామని 2017 జనవరిలో ప్రకటించి, 2018 సెప్టెంబరులో తెచ్చారు. ఫుజీఫిల్మ్ కూడా 2018లో ఆపేసిన నలుపు తెలుపు ఫిల్ము అక్రోస్‌ను 2019 నవంబరులో అక్రోస్ 2 పేరుతో తెచ్చింది. ఈ పునరాగమనాలకు వచ్చిన స్పందనను కంపెనీలు ప్రచార విజయంగా చూస్తున్నాయి. నాకైతే, ఒక ఫిల్మును పదేళ్లు ఆపబోమని రాతపూర్వకంగా చెప్పగలిగితే అది అన్ని ప్రకటనల కన్నా పెద్ద ప్రకటన అనిపిస్తుంది.

మరొకటి, ఇండియాలో ఉన్న మనవారికోసం. అమెరికా నుంచి వచ్చేవారి సామానులో రీళ్లు తెప్పించుకోవడం మనలో చాలామందికి అలవాటు. విమానాశ్రయాల్లో ఇప్పుడు వాడుతున్న సీటీ స్కానర్లు కడగని ఫిల్మును పాడుచేస్తాయి. బయలుదేరే చోట చేతితో తనిఖీ చేయమని అడగమనండి. చెక్-ఇన్ సామానులో అసలు పెట్టవద్దనండి. ఈ హెచ్చరిక కూడా పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండాలి.

చదరపు_ఫ్రేము:

లెక్కల మాస్టారు గారి వివరణ ఒప్పుకుంటున్నాను. మరి తీయగానే ప్రింటు బయటికి వచ్చే ఇన్‌స్టాక్స్ కెమెరా సంగతి? అది ఫొటో ఒక్కింటికి ఇంకా ఖరీదైనదే కదా, అయినా పిల్లలు విడవకుండా కొంటున్నారు.

వెండిరేణువు (హైదరాబాద్):

నేను వేచి చూస్తున్న ప్రశ్న ఇదే. ఫుజీఫిల్మ్ ఇన్‌స్టాక్స్‌ను 1998లో తెచ్చింది. కొన్నేళ్లు బాగా అమ్ముడై, కెమెరా ఫోన్లు రాగానే దాదాపు అడుగంటింది. మళ్లీ పుంజుకుని, 2018 ఆర్థిక సంవత్సరంలో ఒక్క ఏడాదిలో కోటి కెమెరాలు అమ్మింది. అదే కంపెనీ ఆ ఏడాదే అక్రోస్‌ను ఆపేసిందంటే, ఫిల్ము పట్ల ప్రజలకు అభిరుచి ఉందా లేదా అన్నది ఒక్కటే ప్రశ్న కాదని తేలుతోంది.

ఇన్‌స్టాక్స్‌లో ల్యాబ్ లేదు, కొరియర్ లేదు, ‘రీలు ఖాళీ’ అన్న సందేశం లేదు. ఫొటో బాగా రాకపోతే ఒకటి రెండు నిమిషాల్లో తెలుస్తుంది, తరువాతి ఫొటోకు సరిచేసుకోవచ్చు. వచ్చినది ప్రింటు, దాన్ని స్నేహితురాలి చేతిలో పెట్టవచ్చు, పెళ్లి పందిట్లో దారానికి వేలాడదీయవచ్చు. పది ఫొటోలతో పెట్టె అయిపోతుంది, కాబట్టి రెండో పెట్టె కొనడం మొదటి రోజే జరుగుతుంది. పొలరాయిడ్ 2008లో ఇన్‌స్టంట్ ఫిల్ము ఆపేసినప్పుడు నెదర్లాండ్స్‌లోని ఎన్‌స్కెడే కర్మాగారాన్ని కాపాడి 2010లో కొత్త ఫిల్ము తెచ్చినవారు కూడా ఈ చేతిలో పెట్టగల ప్రింటు మీదనే నిలబడ్డారు.

35 ఎం.ఎం. ఫిల్మును ఇన్‌స్టాక్స్‌లా చేయమని నేననడం లేదు. ప్రింటును తిరిగి తీసుకురావాలంటున్నాను. నా స్నేహితులు తొమ్మిదిమందికి అందినవి స్కాన్లు. అవి ఫోనులోని మిగతా వేల ఫొటోల్లో కలిసిపోయాయి. రీలుతోపాటు ఒక కూపన్ పెట్టి, ల్యాబ్‌లో ఇస్తే మీకు నచ్చిన మూడు ఫొటోలకు నిజమైన ప్రింట్లు వేసి ఇస్తారన్న ఏర్పాటు ఉంటే, ఆ డబ్బా నా బీరువాలో ఉండేది కాదు. ఇది ఈస్ట్‌మన్ చేసిన పనికి చిన్న రూపమే.

ఎర్రదీపం (విశాఖపట్నం):

ప్రింటు విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నా తరగతిలో విద్యార్థులు ఎక్కువసేపు మౌనంగా ఉండే క్షణం, డెవలపర్ ట్రేలో తెల్ల కాగితం మీద బొమ్మ తేలుతున్నప్పుడే. ఆ పూట చూసినవారు మళ్లీ వస్తారు.

నెగెటివ్ విలువను కూడా కంపెనీలు చెప్పడం లేదు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి ఆరో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ గాజు పలకల నెగెటివ్‌లు ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రంలో ఇప్పటికీ ఉన్నాయి. నూటపాతికేళ్లు దాటినా వాటినుంచి ప్రింట్లు తీయవచ్చు. పాస్‌వర్డు, చందా, పరికరం ఏవీ అక్కరలేకుండా వెలుతురుకు ఎత్తిపట్టి చూసుకోగల జ్ఞాపకం అది. డిజిటల్‌ను తక్కువ చేసి మాట్లాడకుండానే ఈ మాట నిజాయితీగా చెప్పవచ్చు. రీలుతోపాటు నెగెటివ్‌లు దాచుకునే పారదర్శకమైన కవరు ఒకటి ఇచ్చి, దాని మీద తేదీ, ఊరు, పేర్లు రాసుకునే గీతలు ముద్రిస్తే, దాని ఖర్చు ఎంత?

నిజాయితీ అన్నాను కాబట్టి మరొక ఉదాహరణ. హార్మన్ సంస్థ 2023 డిసెంబరులో ఫీనిక్స్ 200 పేరుతో తన మొదటి కలర్ ఫిల్మును తెచ్చింది. వెలుగునీడల తేడా (కాంట్రాస్ట్) ఎక్కువ, ఫొటోలో కనిపించే గింజ ఎక్కువ, దీపాల చుట్టూ ఎర్రటి వెలుగు వస్తుంది, ఇది ఇంకా ప్రయోగదశలోనిదే, మీరు కొన్న డబ్బుతో తరువాతిది మెరుగుపరుస్తాం అని ముందే చెప్పి అమ్మారు. 2025 జులైలో రెండో ఫీనిక్స్ వచ్చింది. మొదటిదాన్ని కొన్నవారు ఒక కర్మాగారం కలర్ నేర్చుకోవడంలో పాలుపంచుకున్నామన్న భావనతో రెండోది కొన్నారు. నేనూ కొన్నాను. లోపాన్ని దాచకుండా చెప్పడం వల్ల రెండో రీలు అమ్ముడైన సందర్భం ఇది.

లెక్కల_మాస్టారు (బెంగళూరు):

మన దేశం గురించి ఒక మాట చేర్చాలి. 1960లో స్థాపించి ఊటీలో నడిపిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో ఫిల్ము, కాగితం, ఎక్స్‌రే ఫిల్ము తయారుచేసింది. అది మూతపడ్డాక మనం కొనే ప్రతి రీలూ దిగుమతే. కాబట్టి పెద్ద కంపెనీల దృష్టిలో మనది చివరి వరుస మార్కెట్. సరుకు తక్కువ, ధర ఎక్కువ. ఇక్కడ వారు ప్రకటనల కోసం డబ్బు పెట్టడం వృథా. ఆ డబ్బుతో పది ఊళ్లలో పది ల్యాబ్‌లకు రసాయనాలు సకాలంలో అందేలా చూడాలి. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫొటోగ్రఫీ డిగ్రీ కోర్సు ఉంది; అటువంటి చోట్ల విద్యార్థులకు తగ్గింపు ధరకు నలుపు తెలుపు రీళ్లు ఇస్తే, వారిలో కొందరు రేపు నేర్పేవారవుతారు.

గుంటూరు_స్టూడియో:

రసాయనాలన్నారు కాబట్టి, నా మనసులో ఉన్న ఫిర్యాదు చెబుతాను. ఏ కంపెనీ పెట్టె చూసినా, ఏ పట్టిక చూసినా నలుపు తెలుపు ఫిల్ము కడగడానికి 20 డిగ్రీలే ముందు రాస్తారు. మే నెలలో మా కుళాయి నీళ్లు ముప్పై దాటి ఉంటాయి. ఆ వేడిలో పెట్టె మీది సమయం ప్రకారం కడిగితే నెగెటివ్ నల్లగా మాడిపోతుంది. కొత్తవారు ఫిల్మును తిట్టుకుంటారు. వేడి దేశాల్లో అమ్మదలచుకున్నవారు వేడి దేశాల పట్టికను ముందు పేజీలో వేయాలి. కలర్ ఫిల్ముకు ఈ చిక్కు తక్కువ. దానికి 38 డిగ్రీలు కావాలి, మా ఎండాకాలంలో నీళ్లు కొద్దిగా కాగబెడితే చాలు. ఇంట్లో కలర్ కడగడం కష్టమని అందరూ భయపడతారు గానీ, ఆ విషయంలో మనకున్న అనుకూలత చలిదేశాలవారికి లేదు. ఇది ఎవరూ ప్రచారం చేయలేదు.

కొత్త_నెగెటివ్ (తెనాలి):

బాబాయి గారూ, మీరు ఎండాకాలంలో నలుపు తెలుపు ఎలా కడిగేవారు? మా ఇంట్లో ఏసీ లేదు. కొడాక్ అయినా, ఇల్ఫర్డ్ అయినా మళ్లీ ఒక రీలు కొందామని ఉంది, కానీ ఈసారి ఎవరికీ పంపకుండా నేనే కడగాలనుకుంటున్నాను.

గుంటూరు_స్టూడియో:

తప్పకుండా చెబుతానమ్మా. 20 డిగ్రీలకు దించాలని తాపత్రయపడవద్దు, 24 దగ్గర నిలబెట్టు. ముందురోజు రాత్రి మట్టికుండలో నీళ్లు పోసి గాలి తగిలేచోట ఉంచు. పొద్దున్నే, ఎండ ఎక్కకముందే పని మొదలుపెట్టు. పెద్ద టబ్బులో ఆ కుండ నీళ్లు పోసి, డెవలపర్, ఫిక్సర్, కడగడానికి పెట్టుకున్న నీళ్ల సీసాలు మూడూ అందులో నిలబెట్టు. ఐసు ముక్కలను ప్లాస్టిక్ కవరులో మూటకట్టి టబ్బులో వేయి. డెవలపర్‌లో వేయవద్దు, పలచబడిపోతుంది. మూడు సీసాల వేడీ ఒకటే ఉండాలి. చల్లని డెవలపర్‌లోంచి తీసి వేడి నీళ్లలో ముంచితే ఫిల్ము మీది పొర ముడతలు పడుతుంది.

ఇల్ఫర్డ్ వారి హెచ్‌పీ 5 నలుపు తెలుపు ఫిల్ము, ఐడీ 11 డెవలపర్ తీసుకుంటే, డెవలపర్‌ను నేరుగా వాడవద్దు. 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు పట్టేది, 24 దగ్గర అయిదు నిమిషాలకు దిగుతుంది. అంత తక్కువ సమయంలో కొత్త చేతికి మరకలు పడతాయి. సగానికి సగం నీళ్లు కలుపు. అప్పుడు 20 దగ్గర 13 నిమిషాలు, 24 దగ్గర సుమారు 9 నిమిషాలు. పనికి ముందు థర్మామీటరు సరిగ్గా ఉందో లేదో ఇంట్లో జ్వరం చూసుకునేదాన్ని కూడా గోరువెచ్చని నీళ్లలో పెట్టి, రెండింటి అంకెలు ఒకటేనా అని సరిచూసుకో.

రీలు ఎక్కించేటప్పుడు ఎడమవైపు మీట సంగతి ఇక నీకు చెప్పనక్కరలేదు.

వెండిరేణువు (హైదరాబాద్):

గుంటూరు స్టూడియో గారి ఈ సమాధానాన్ని ఒక పేజీగా అమర్చి, ఎర్రదీపం గారు చెప్పిన ఎండ, నీడ పట్టికతో కలిపి, రీలు పెట్టెలో పట్టే కొలతకు ముద్రించాలనుకుంటున్నాను. మొదటి విడతగా యాభై కాగితాలు. నగరంలో ఫిల్ము అమ్మే కొట్టువారిని రీలుతోపాటు ఇవ్వమని అడుగుతాను. ఇక్కడ సూచించినవన్నీ ఒక లేఖగా రాసి, ఆ కాగితాన్ని జతచేసి మోబర్లీకి, రోచెస్టర్‌కు, టోక్యోలోని ఫుజీఫిల్మ్‌కు పంపుతాను. రోచెస్టర్ తెలుగు గారు ఇంగ్లీషు ప్రతిని ఒకసారి చూసిపెట్టగలరా?

కొత్త నెగెటివ్ గారికి నా దగ్గరున్న హెచ్‌పీ 5 రీలు ఒకటి కొరియర్‌లో పంపుతున్నాను. చిరునామా నాకు విడిగా పంపండి.

కొత్త_నెగెటివ్ (తెనాలి):

పంపాను. అమ్మమ్మ ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటున్నారు. వచ్చే ఆదివారం పొద్దున తీస్తాను.